కాఫీలో అక్రిలమైడ్ - భయమెంత, కొలత ఎంత?

గడచిన ఉగాదినాడు మా సంఘ భవనంలో భోజనాలు ముగిసి కాఫీలు అందిస్తూ వుండగా ఒక చిన్న ముచ్చట జరిగినది. ఈ వ్యాసానికి అదే కారణం కనుక దానితోనే మొదలుపెడుతున్నాము.

బాగన్ దాతో వైపు కొబ్బరి తోటలో పుట్టి, అక్కడే పనిచేసి, అక్కడే మనుమలను ఎత్తిన మామ్మగారొకరు వచ్చి కూర్చున్నారు. వయస్సు ఎనభై నాలుగు. "మామ్మా, కాఫీ పుచ్చుకోండి" అని మేము కప్పు అందిస్తే, "వద్దు నాయనా, అందులో కేన్సరు పుట్టించేది వుందంట. అమెరికా కోర్టులోనే తీర్పు చెప్పేశారంట. మా మనవడు ఫోనులో చదివి వినిపించాడు. ఆరు నెలలయింది మానేసి" అన్నారు. తెల్లవారకముందే లేచి, చెక్‌రోలు పిలుపుకు పోయేముందు ఒక గ్లాసు నల్ల కోపి త్రాగి అరవై ఏళ్ళు గడిపిన మనిషి ఆమె. ఆ గ్లాసు మానివేసిన తరువాత ప్రొద్దుట ఏమీ తోచడం లేదని కూడా అన్నారు. ఆమె ప్రక్కనే కూర్చున్న నాలుగేళ్ళ మునిమనుమడు మాత్రం బంగాళాదుంప చిప్సు పొట్లం ఒకటి ముగించి రెండవది విప్పుతున్నాడు. దాని సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మామ్మగారు విన్నది అబద్ధం కాదు. అయితే సగమే విన్నారు. ఆ మిగిలిన సగం ఇక్కడ చెప్పుకుందాం.

ఆ పదార్థం పేరు అక్రిలమైడ్. రంగు లేదు, నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది, నాలుకకు తెలియదు. కర్మాగారాలలో దీనిని చాలా కాలంగా తయారుచేస్తున్నారు. దీని అణువులను గొలుసులుగా కలిపితే వచ్చే పాలీ అక్రిలమైడ్ మురికి నీటిని తేర్చడానికి పనికివస్తుంది. గొలుసుగా మారిన తరువాత హాని లేదు; విడి అణువుగా వున్నప్పుడే నరాలకు చెరుపు. ఎలుకలలో, చుంచులలో కేన్సరు గడ్డలు లేపుతున్నదని తేలినందున 1994లో అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ దీనిని "మనుషులకు బహుశా కేన్సరు కలిగించేది" అను తరగతిలో చేర్చినది. అప్పటికి ఇది కర్మాగారాల విషయం మాత్రమే. వంటింట్లో వుంటుందని ఎవరికీ తోచలేదు.

ఇది వంటింట్లో ఎట్లా బయటపడినదో మన వంటి తోటకూలీల సంతతివారు తప్పక తెలుసుకోవలసిన కథ. ఎందుకంటే దీనిని మొదట బయటపెట్టినది కూలీల రక్తం.

స్వీడన్ దేశపు దక్షిణ భాగంలో హాలండ్సోస్ అను కొండ వున్నది. దాని గుండా రైలుకు సొరంగం త్రవ్వుతున్నారు. కొండలో నీటి ఊటలు ఎక్కువ. ఎంత పూడ్చినా నీరు కారుతూనే వున్నది. 1997లో ఆ పగుళ్ళు మూయడానికి అక్రిలమైడ్ కలిసిన ఒక జిగురు మందును టన్నుల కొద్దీ లోపలికి ఎక్కించారు. అది సరిగ్గా గట్టిపడలేదు. నీటితోబాటు బయటకు వచ్చి వాగులో కలిసినది. చేపలు చచ్చి తేలినవి. ఆ నీళ్ళు త్రాగిన ఆవులు కాళ్ళు పడిపోయి కూలబడినవి. సొరంగంలో పనిచేసిన వారికి చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కి చీమలు ప్రాకినట్లయినది. అప్పుడు 210 మంది పనివారిని పరీక్షించగా 23 మందిలో నరాల బాధ అక్రిలమైడ్ వల్లనే కలిగినట్లు కనబడినది. చాలామందికి తరువాత నయమయినది.

ఇక్కడ ఒక మాట వ్రాయకుండా వుండలేకపోతున్నాము. మా తల్లులు, పిన్నమ్మలు వీపున డబ్బా మోసి, రబ్బరు చెట్ల వరుసల మధ్య గడ్డిమందు కొట్టినవారే. ముఖానికి ఒక పాత గుడ్డ తప్ప వేరే రక్షణ లేదు. గోళ్ళు ఊడిపోయినవారిని మేము కళ్ళారా చూశాము. ఆ మందులలో మిక్కిలి పేరుపడిన పారాక్వాట్‌ను ఈ దేశంలో 2020 జనవరి 1 నుండి పూర్తిగా నిషేధించారు. మా ఇంటి ఆడవారి రక్తం తీసి ఎవరూ ఏమీ కొలవలేదు. హాలండ్సోస్ పనివారి రక్తం తీసి కొలిచారు. ఆ ఒక్క పని వల్ల ప్రపంచానికి ఎంత తెలిసివచ్చినదో చూడండి.

రక్తంలో ఎట్లా కొలిచారు? అక్రిలమైడ్ ఒంట్లోకి పోగానే కొంత భాగం ఎర్ర రక్తకణాలలోని హీమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. ఒక ఎర్రకణం ఆయుస్సు సుమారు 120 దినాలు. అంతవరకు ఆ అతుకు వూడదు. అంటే ఒకరి రక్తం చూస్తే గత నాలుగు నెలలలో ఎంత అక్రిలమైడ్ లోపలికి వెళ్ళినదో లెక్క తెలుస్తుంది. ఎస్టేటులో కిరాణి ఏ రోజు ఎవరు వచ్చారో చెక్‌రోలులో గుర్తు పెట్టుకున్నట్లు, రక్తం కూడా హాజరు పట్టీ వ్రాసుకుంటుంది. కిరాణి కన్నా నమ్మకంగానే వ్రాస్తుంది.

స్టాక్‌హోం విశ్వవిద్యాలయంలో మార్గరెటా టోర్న్‌క్విస్ట్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమెతోటి వారు ఈ కొలత చేస్తూ, పోలిక కొరకు సొరంగం ముఖం కూడా చూడని మామూలు జనం రక్తం కూడా తీసుకున్నారు. వారిలో ఏమీ వుండకూడదు గదా! కాని వున్నది. పొగ త్రాగేవారిలో ఎక్కువ వుండుటకు కారణం తెలిసినదే, పొగాకు పొగలో అక్రిలమైడ్ వుంటుంది. పొగ త్రాగనివారిలో కూడా కొంత వున్నది. అది ఎక్కడినుండి వచ్చినట్లు? పనివల్ల కాదు, పొగవల్ల కాదు. మిగిలినది తిండి. ఎలుకలకు వేయించిన మేత పెట్టి చూశారు. వాటి రక్తంలో గుర్తులు బాగా పెరిగినవి. ఈ సంగతి 2000లో ప్రకటించారు. తరువాత మనుషులు తినే పదార్థాలను ఒకటొకటిగా కొలిచి, 2002 ఏప్రిల్ 24న స్వీడన్ ఆహార శాఖవారు, విశ్వవిద్యాలయంవారు కలిసి లోకానికి చెప్పారు. మాంసం వంటివి వేయిస్తే కిలోకు 5 నుండి 50 మైక్రోగ్రాములు. బంగాళాదుంప, రొట్టె వంటి పిండి పదార్థాలను వేడిచేస్తే 150 నుండి 4000 వరకు. ఉడకబెట్టినవాటిలో కనబడలేదు.

మరి ఇది ఎక్కడినుండి వచ్చింది, నూనెలోనా, కుండలోనా అని కొన్ని నెలలు వెదికారు. అదే ఏడు అక్టోబరులో రెండు బృందాలు జవాబు చెప్పాయి. మొక్కలలో యాస్పరజిన్ అను ఒక అమైనో ఆమ్లం వుంటుంది. బంగాళాదుంపలో, గోధుమలో, కాఫీ గింజలో ఇది సహజంగానే వున్నది. గ్లూకోజు వంటి చక్కెరతో కలిసి ఇది 120 డిగ్రీలు దాటిన వేడికి గురి అయితే అక్రిలమైడ్ పుడుతుంది. గారె ఎర్రబడడం, రొట్టె అంచు కమ్మగా వాసన రావడం, కాఫీ గింజ నల్లబడడం, ఇవన్నీ ఒకే రసాయన క్రియ వల్ల జరుగుతాయి. 1912లో దానిని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడి పేరున దానిని మెయ్యార్ క్రియ అంటారు. కనుక ఇది కల్తీ కాదు, ఎవరో కలిపిన విషమూ కాదు. మనిషి నిప్పు మీద తిండి కాల్చిన నాటినుండి వున్నదే.

ఇండ్లలో వంటచేసే అమ్మలకు ఈ 120 డిగ్రీల మాట ఇట్టే అర్థమవుతుంది. నీరు వున్నంతవరకు తిండి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల అన్నం, ఇడ్లీ, కుడుములు, గంజి, పప్పు వీటిలో ఈ భయం లేదు. మూకుడులో వేసిన ముక్క చుట్టూ బుడగలు లేస్తున్నంత సేపు నీరు ఆవిరవుతూ వుంటుంది. బుడగలు తగ్గిపోయినప్పుడు పైపొరలో నీరు అయిపోయినట్లు. అక్కడినుండి వేడి పైకెక్కుతుంది, రంగు మారుతుంది, అక్రిలమైడ్ పెరుగుతుంది. పలుచగా కోసి కరకరలాడేటట్లు వేయించిన చిప్సు లోపలినుండి బయటివరకు అంతా పైపొరే. మన జంతికలు, బజారులోని కెరెపెక్ కూడా అట్లాంటివే. పిసాంగ్ గోరెంగ్‌లో పైన పిండి మాత్రమే వేగుతుంది, లోపల అరటిపండు తడిగానే వుంటుంది.

కాఫీ సంగతి మాత్రం తలక్రిందులు. బంగాళాదుంప, రొట్టె ఎంత నల్లబడితే అంత ఎక్కువ. కాఫీ గింజను వేయించే మొదటి నిమిషాలలో అక్రిలమైడ్ జోరుగా పుట్టి, యాస్పరజిన్ ఖర్చయిపోయిన తరువాత, అదే వేడికి పుట్టినది పుట్టినట్లే విరిగిపోతూ వుంటుంది. అందువల్ల లేత రంగులో దించిన గింజలోనే ఎక్కువ, బాగా ముదురు రంగు వచ్చేవరకు వేయించిన దానిలో తక్కువ. రొబస్టా జాతి గింజలో అరబికా కన్నా యాస్పరజిన్ ఎక్కువ కనుక అక్రిలమైడ్ కూడా ఎక్కువ. వేయించిన పొడిని నెలల తరబడి నిలువ చేస్తే కొంత తగ్గిపోతుంది కూడా. అట్లాగని పొడిని పాతబెట్టి త్రాగమని మేము చెప్పము! ఆ రుచి ఎవరికి కావాలి?

ఈ ద్వీపకల్పానికీ కాఫీకీ పాత చుట్టరికమే. రబ్బరుకు ముందు, 1880లు, 1890లలో ఇక్కడి దొరలు తోటలలో కాఫీయే వేసేవారు. బ్రెజిల్ పంట వెల్లువెత్తి ధర పడిపోయిన తరువాత, చీడలు కూడా తోడై, కాఫీ పీకి రబ్బరు నాటారు. అయినా కాఫీ త్రాగే అలవాటు పోలేదు. లైబీరికా, రొబస్టా గింజలను వేయించి, చక్కెర, మార్జరీన్ చేర్చి మరల కలియబెట్టి నల్లగా చేసే కోపి పొడి ఇక్కడి ప్రత్యేకత. ఇపో పట్టణపు తెల్ల కాఫీకి చక్కెర లేకుండా, పామ్ నూనె మార్జరీన్‌తో లేత రంగులో వేయించడం పాత పద్ధతి.

ఇప్పుడు అసలు విషయం, అనగా కొలత. "కిలోకు 400 మైక్రోగ్రాములు" అంటే ఎంత? ఒక కిలోలో 100 కోట్ల మైక్రోగ్రాములు. వాటిలో 400. యాభై కిలోల బియ్యపు బస్తాలో ఒకే ఒక్క బియ్యపు గింజ బరువు ఎంతో అంత. ఆ గింజను వెదకడమే కాదు, దాని బరువు కూడా చెప్పాలి. పైగా కాఫీ అంటే వందల కొద్దీ పదార్థాలు కలిసిన నల్లని ముద్ద.

పనివిధానం ఇట్లా వుంటుంది. పొడిని బాగా కలిపి కొద్దిగా తూచి తీసుకుంటారు. దానిలో మొట్టమొదట ఒక "కవల"ను కలుపుతారు. ఇదే ఈ పద్ధతికి ప్రాణం. ఆ కవల కూడా అక్రిలమైడే, కాని దానిలోని మూడు కార్బన్ పరమాణువులను మామూలుకన్నా ఒక్కొక్క మెట్టు బరువైనవిగా ప్రయోగశాలలో తయారుచేసి వుంటారు. మామూలు అక్రిలమైడ్ అణుభారం 71 అయితే కవలది 74. గుణం, నడక అంతా ఒకటే, బరువు మాత్రం వేరు.

తరువాత నీళ్ళుపోసి అక్రిలమైడ్‌ను నీటిలోకి దింపుతారు. పొటాషియం ఫెర్రోసైనైడ్, జింకు లవణం కలిపి మాంసకృత్తులు మొదలైన వాటిని విరగగొట్టి అడుగుకు దింపుతారు, పాలు విరిగినట్లు. పైని తేటను చిన్న గొట్టాలలో నింపిన వడపోత పదార్థం గుండా పంపి రంగునూ, ఇతర చెత్తనూ ఆపుతారు. ఇన్ని చేతులు మారేసరికి అక్రిలమైడ్‌లో కొంత పోతుంది. ఎంత పోయినదో ఎవరికి తెలుసు? కవలకు తెలుసు! అది కూడా అదే పాళ్ళలో పోతుంది గదా. మొదట 100 పాళ్ళ కవలను వేశామనుకోండి. చివరకు మామూలుది కవలకు రెండింతలు కనబడితే, మధ్యలో సగం పోయినా, మూడు వంతులు పోయినా, కాఫీలో మొదట వున్నది 200 పాళ్ళే.

రబ్బరు పాలు తూచేచోట మెట్రోలాక్ గొట్టం ముంచి పాలలో రబ్బరెంత, నీరెంత అని చదివే కిరాణిని ఎరిగిన మనవాళ్ళకు ఈ కవల విలువ తెలుస్తుంది. మా చిన్నతనంలో ఆ గొట్టం ఎప్పుడూ మా నాయనకు ఒక గీత తక్కువే చదివేది. ఎదురు చూపించడానికి రెండవ గొట్టం మా దగ్గర లేదు.

చివరి మెట్టు ద్రవ వర్ణలేఖనం, ద్రవ్యరాశి మాపకం అను రెండు యంత్రాలు. మొదటిది తేటలో మిగిలిన పదార్థాలను ఒకదాని వెనుక ఒకటిగా విడదీసి పంపుతుంది. రెండవది వాటికి విద్యుదావేశం ఇచ్చి బరువును బట్టి ఏరుతుంది. ఆవేశంతో పాటు ఒక ప్రోటాను చేరుతుంది కనుక అక్రిలమైడ్ 72 దగ్గర, కవల 75 దగ్గర కనబడతాయి. 72 బరువు వున్న పదార్థాలు ఇంకా వుండవచ్చును. కనుక ఏరినదానిని మరల విరగగొడతారు. 17 బరువు గల అమోనియా ఊడిపోయి 55 మిగిలితే అది అక్రిలమైడ్. కవల నుండి 58 మిగలాలి. ఊరి పేరు, ఇంటి పేరు రెండూ అడిగిన తరువాతనే లోపలికి రానిచ్చినట్లు. కాఫీ కొరకు ఇటువంటి పద్ధతులకు 2016లో అంతర్జాతీయ ప్రమాణం కూడా ఏర్పరచారు.

ఇక లెక్క చూద్దాం. ఐరోపా సంఘం 2018 ఏప్రిల్ నుండి తయారీదారులకు కొన్ని గుర్తు హద్దులు పెట్టినది. ఇవి దాటితే అమ్మరాదని కాదు, దాటితే తయారీ పద్ధతిని సరిచూసుకొని తగ్గించవలెనని. కిలోకు వేయించిన కాఫీకి 400 మైక్రోగ్రాములు, నీటిలో కరిగే కాఫీకి 850, చిప్సుకు 750, బిస్కట్లకు 350, గోధుమ రొట్టెకు 50, పసిపిల్లల ధాన్యపు ఆహారానికి 40. కాఫీకి బదులు వాడే చికోరీకి ఏకంగా 4000. చికోరీ మంచిదని మారేవారు ఈ అంకెను చూడాలి.

మామ్మగారి గ్లాసుకు 10 గ్రాముల పొడి వేస్తారనుకుందాం. హద్దు దగ్గర వున్న పొడి అయినా దానిలో 4 మైక్రోగ్రాములు. అక్రిలమైడ్ నీటిలో కరిగేదే కనుక దాదాపు అంతా గ్లాసులోకి దిగుతుంది. దినానికి రెండు గ్లాసులు అంటే 8. ఆమె బరువు 50 కిలోలు. కిలో ఒంటి బరువుకు 0.16 మైక్రోగ్రాము. మునిమనుమడు తిన్న 50 గ్రాముల పొట్లం కూడా హద్దు దగ్గరదే అయితే దానిలో 37.5. వాడి బరువు 15 కిలోలు. కిలో బరువుకు 2.5. అంటే ముసలమ్మ దినమంతా త్రాగినదానికి పదిహేను రెట్లు, ఒక్క పొట్లంలో. రెండవది కూడా విప్పాడని ముందే వ్రాశాము.

ఇవి ఎంత ప్రమాదం? ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఇట్లా లెక్కకట్టినది. జంతువులలో గడ్డలు కొద్దిగా పెరగడం మొదలయ్యే మోతాదు కిలో బరువుకు దినానికి 170 మైక్రోగ్రాములు. ఇటువంటి పదార్థాలకు మనం తినేది దానిలో పదివేలవ వంతుకన్నా తక్కువ వుంటే దిగులు పడనక్కరలేదని నియమం. కాని సగటు పెద్దవారిలో ఆ ఎడం 425 రెట్లు మాత్రమే, ఎక్కువ తినే చిన్నపిల్లలలో 50 రెట్లు. కనుక కొట్టిపారేయదగ్గది కాదు. అయితే తిండిలోని అక్రిలమైడ్ వల్ల మనుషులకు కేన్సరు వచ్చినట్లు జనం మీద జరిపిన పరిశీలనలలో ఒకటికొకటి పొసగే రుజువు దొరకలేదని కూడా ఆ సంస్థ చెప్పినది. రెండు మాటలూ నిజమే. భయపెట్టేవారు మొదటిది, అమ్మేవారు రెండవది మాత్రమే చెబుతారు.

అమెరికా తీర్పు సంగతి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో 2010లో వేసిన దావాపై 2018లో న్యాయాధిపతి కాఫీ మీద హెచ్చరిక వుండాలన్నారు. ఫోనులలో తిరిగినది ఇదే. 2019 అక్టోబరు 1 నుండి అదే రాష్ట్రం కాఫీకి ఆ హెచ్చరిక అక్కరలేదని నియమం చేసినది. అది మాత్రం ఫోనులలో తిరగలేదు. అంతకుముందే, 2016లో, కేన్సర్ పరిశోధనా సంస్థవారు కాఫీని అనుమానపు తరగతినుండి తీసివేశారు. 65 డిగ్రీలు దాటిన మరిగే పానీయాలను మాత్రం ఆ ఏడే అనుమానపు తరగతిలో చేర్చారు. రెండు చెంబుల మధ్య పొడుగ్గా లాగి చల్లార్చే మన తారిక్ అలవాటు ఈ విధంగా పనికివచ్చినది.

వంటింట్లో చేయగలిగినవి కొద్దే. బంగాళాదుంప ముక్కలను వేయించేముందు కాసేపు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, తుడిచి వేయించితే పైని చక్కెర, యాస్పరజిన్ కొంత పోతాయి. నూనె 175 డిగ్రీలు మించరాదు. బంగారు రంగులో దించాలి, గోధుమ రంగు వచ్చేదాకా ఆగకూడదు. రొట్టె మాడిన అంచు గీకివేయాలి. పిల్లలకు పొట్లం ప్రతిదినం కాక ఎప్పుడో ఒకసారి.

ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వ్రాసుకొని మేము మామ్మగారి ఇంటికి వెళ్ళాము. ఆమె ఓపికగా విన్నారు. "అయితే ఆ పొట్లం మీద ఈ అంకె ఎందుకు వ్రాయరు నాయనా?" అని అడిగారు. ఆ హద్దులు తయారీదారులకు పెట్టినవే గాని పొట్లం మీద అచ్చువేయమన్నవి కావని చెప్పాము. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు, మాకూ నచ్చలేదు. ఆమెకు చక్కెర వ్యాధి వున్నది. గ్లాసులో పోసే గట్టిపాలు, పొడిలోనే కలిసి వచ్చే చక్కెర ఆమెకు అక్రిలమైడ్ కన్నా దగ్గరి శత్రువులని వైద్యులు ఎప్పుడో చెప్పి వున్నారు. అది కూడా గుర్తుచేశాము. కోడలిని పిలిచి, చక్కెర చేర్చని పొడి తెప్పించమని, "కోపి-ఓ కొసొంగ్, బాగా లాగి చల్లార్చి తే అమ్మా" అన్నారు.